గీసేది సి, గీయించేది స్క్రిప్టు

వెబ్ ఇంకా పసితనంలో ఉన్న 1994లో థామస్ బౌటెల్ అనే ప్రోగ్రామరు సి భాషలో ఒక చిన్న గ్రాఫిక్స్ లైబ్రరీ రాశాడు. దాని పేరు జీడీ. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల పేరు, ఖర్చులో కొంత భరించిన అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల పేరు దాని కాపీరైటు ప్రకటనలో నేటికీ కనిపిస్తాయి. అది చేసే పని చాలా పరిమితం. కంప్యూటరు మెమరీలో ఒక ఖాళీ కాన్వాసు తెరుస్తుంది, దానిమీద గీత గీస్తుంది, పెట్టె గీస్తుంది, వలయం గీస్తుంది, రంగు నింపుతుంది, చివరికి ఆ బొమ్మను ఒక ఫైలుగా రాసిపెడుతుంది. తెరతో గానీ కిటికీలతో గానీ మౌస్‌తో గానీ దానికి సంబంధం లేదు. ఎక్కడో మూల గదిలో మానిటరు కూడా లేకుండా నడిచే సర్వరు మీద, పేజీ అడిగిన క్షణాన ఒక గ్రాఫు గీసి పంపడానికి అంతకంటే ఎక్కువ అవసరమూ లేదు. 1995లో జన్యుశాస్త్ర రంగంలో పనిచేస్తున్న లింకన్ స్టైన్ ఆ లైబ్రరీని పెర్ల్ భాషకు కలిపాడు. తర్వాత పీహెచ్‌పీకి చేరింది, మరికొన్ని భాషలకూ చేరింది. ఆ తరువాతి కాలంలో జీడీతో బొమ్మలు గీయించినవాళ్లలో అత్యధికులు సి భాషలో ఒక్క వాక్యమైనా రాయనివాళ్లే. 2002లో వచ్చిన జీబ్రౌజ్ అనే జన్యుపట ప్రదర్శన సాధనం క్రోమోజోము మీద ఏ జన్యువు ఎక్కడుందో గీసి చూపించింది కూడా పెర్ల్ మీదుగా జీడీ చేతే.

ఇలా సి లైబ్రరీని పెర్ల్ లాంటి ఒక స్క్రిప్టు భాషకు అందుబాటులోకి తెచ్చే కోడును బైండింగ్ అంటారు. ప్రోగ్రామర్లలో దీనిమీద గౌరవం తక్కువ. లైబ్రరీలో ఉన్న ఫంక్షన్ల జాబితా తీసుకుని, ఒక్కోదానికీ అవతలి భాషలో ఒక ప్రతిరూపం తయారుచేసే గుమాస్తా పని అని చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. సి లైబ్రరీ తన గురించి తాను చెప్పుకోని విషయాలు కొన్ని ఉంటాయి. వాడినవాడు తన క్రమశిక్షణతో వాటిని పాటిస్తాడని సి నమ్ముతుంది. స్క్రిప్టు భాషలో రాసేవాడికి ఆ క్రమశిక్షణ అవసరం లేదని ఆ భాష ముందే మాట ఇచ్చేసింది. ఈ రెండు మాటల మధ్య మిగిలిపోయిన బాధ్యతలన్నీ బైండింగ్ రాసే మనిషి నెత్తిన పడతాయి. మెమరీ ఎవరిది, తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి, ఏ పని ఎటువైపు జరగాలి అన్నవి అతను తేల్చాలి. ఇవి రూపకల్పనకు సంబంధించిన నిర్ణయాలు. లైబ్రరీ మంచిదా కాదా అని లక్షలమంది వాడుకరులు తేల్చుకునేది ఆ నిర్ణయాలను బట్టే.

సి లైబ్రరీతో పాటు హెడర్ అనే ఫైలు ఒకటి వస్తుంది. అందులో ప్రతి ఫంక్షన్ పేరు, అది ఏమేం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది అన్న వివరం ఉంటుంది. జీడీలో గీత గీసే ఫంక్షన్‌ను చూస్తే, బొమ్మ ఉన్న మెమరీ చిరునామా ఒకటి, మొదలూ చివరా సూచించే నాలుగు అంకెలు, రంగు సంఖ్య ఒకటి తీసుకుంటుందని తెలిసిపోతుంది. ఇంతవరకు యంత్రం కూడా చదవగలదు. ఇలాంటి సాదా ఫంక్షన్లు ఎక్కువగా ఉండడమే జీడీ ఇన్ని భాషల్లోకి సులువుగా వెళ్లడానికి ఒక కారణం. వస్తువుల మధ్య వారసత్వాలు, టెంప్లేట్లు, కంపైలరుకో రకంగా మారే పేర్లు ఉండే సి ప్లస్ ప్లస్ లైబ్రరీని ఇలా కలపడం ఎంతో కష్టం. రస్ట్ లాంటి కొత్త భాషలో రాసిన లైబ్రరీ కూడా బయటి భాషలతో మాట్లాడాలంటే సి రూపంలోనే ముఖం చూపించాల్సి వస్తోంది. అయితే హెడర్ చెప్పేది ఆకారం మాత్రమే. ఆ పైన ఉండే ఒప్పందం అందులో ఉండదు.

ఆ ఒప్పందంలో మొదటి అంశం మెమరీ. పెళ్లికి అద్దెకు తెచ్చిన వంటపాత్రల్లాంటిదే ఇది: గుండిగలు ఎన్ని వచ్చాయి, ఎవరు లెక్కపెట్టి తిరిగి అప్పగించాలి అన్నది ముందే అనుకోకపోతే పందిరి విప్పేనాటికి గొడవ తప్పదు. జీడీలో బొమ్మను సృష్టించే ఫంక్షన్ ఒకటి, దాన్ని తుడిచేసి మెమరీని వెనక్కిచ్చే ఫంక్షన్ ఒకటి ఉన్నాయి. మొదటిదాన్ని పిలిచినవాడే రెండోదాన్నీ పిలవాలి. పిలవకపోతే ఆ మెమరీ ప్రోగ్రాము ఆగేదాకా వృథాగా పడి ఉంటుంది. రెండుసార్లు పిలిస్తే ప్రోగ్రామే కూలిపోవచ్చు. ఇంకొక చోట చిక్కు మరీ సూక్ష్మం. బొమ్మను ఫైల్లోకి కాకుండా మెమరీలోకే పీఎన్‌జీగా మార్చి ఇచ్చే ఫంక్షన్ ఉంది. అది ఇచ్చిన మెమరీని జీడీ సొంత విడుదల ఫంక్షన్‌తోనే వదలాలి. ఎందుకంటే విండోస్‌లో ఒక్కో లైబ్రరీ ఒక్కో సి రన్‌టైమ్‌తో తయారై ఉండవచ్చు. ఒకదాని దగ్గర తీసుకున్న మెమరీని ఇంకొకదానికి అప్పగిస్తే మొత్తం కుప్పకూలుతుంది. హెడర్లో మాత్రం ఆ ఫంక్షన్ ఏదో ఒక మెమరీ చిరునామా ఇస్తుందని తప్ప ఇంకేమీ ఉండదు. స్టైన్ పెర్ల్ మాడ్యూల్లో దీన్ని పరిష్కరించిన తీరు నాకు ఎంతో ఇష్టం. బొమ్మ పెర్ల్ వస్తువుగా మారింది. ఆ వస్తువును పట్టుకున్న చివరి చెయ్యి వదిలేసినప్పుడు పెర్లే జీడీ తుడుపు ఫంక్షన్‌ను పిలుస్తుంది. పీఎన్‌జీ అడిగితే మామూలు పెర్ల్ స్ట్రింగుగా చేతికొస్తుంది. దాన్ని వెబ్ పేజీకి పంపుకోవచ్చు, డేటాబేసులో పెట్టుకోవచ్చు. ఎవరు విడుదల చేయాలన్న ప్రశ్న రాసేవాడి దాకా రానేరాదు.

పీహెచ్‌పీ దారి వేరేగా సాగింది. అక్కడ బొమ్మను రిసోర్స్ అనే ఒక ప్రత్యేక జాతి విలువగా ఇచ్చారు. పని అయ్యాక ఇమేజ్ డిస్ట్రాయ్ అని పిలవమన్నారు. అలా పిలవడం ఒక తరం వెబ్ ప్రోగ్రామర్లకు అలవాటుగా మారింది. పాఠాల్లో, ఉదాహరణల్లో చివరి వరస అదే. 2020లో పీహెచ్‌పీ 8.0 వచ్చేసరికి రిసోర్స్ స్థానంలో జీడీఇమేజ్ అనే వస్తువు వచ్చింది. వస్తువు అవసరం తీరగానే భాషే మెమరీని వదిలేస్తుంది. ఇమేజ్ డిస్ట్రాయ్ పేరుకు ఉంది గానీ పిలిస్తే ఏమీ చేయదు. పెర్ల్ మాడ్యూలు 1990లలోనే బొమ్మను వస్తువుగా మార్చింది, పీహెచ్‌పీ ఆ పని రెండు దశాబ్దాల తర్వాత చేసింది. అటూ ఇటూ ఉన్నది అదే జీడీ. తేడా అంతా మధ్యలో మనుషులు తీసుకున్న నిర్ణయంలోనే ఉంది.

మెమరీని భాష తానే వదిలేస్తుంది కదా, ఇక చిక్కేమిటి అనిపించవచ్చు. కానీ ఆ బొమ్మ ఎంత మెమరీ పట్టిందో భాషకు తెలియాలి కదా. సెల్‌ఫోను తీసిన 4000 × 3000 ఫొటో కోటి ఇరవై లక్షల పిక్సెళ్లు. పూర్తి రంగుల బొమ్మలో జీడీ ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు కేటాయిస్తుంది. అంటే డిస్కు మీద మూడు నాలుగు మెగాబైట్లున్న జేపెగ్ ఫైలు విప్పగానే మెమరీలో దాదాపు 48 మెగాబైట్లవుతుంది. దాన్ని తిప్పితే ఇంకో కాపీ, మరో మార్పు చేస్తే మూడో కాపీ. స్క్రిప్టు భాష చేతిలో ఉన్నది మాత్రం ఆ చిరునామాను చుట్టిన చిన్న డబ్బా, కొన్ని పదుల బైట్లు. అవసరం తీరిన మెమరీని వెతికి వదిలే, అంటే చెత్త ఏరే యంత్రాంగం ఆ డబ్బాల బరువే చూసుకుని, ఇంకా చాలా చోటుంది, ఇప్పుడే తొందర లేదు అనుకుంటుంది. సర్వరు మాత్రం ఊపిరాడక చస్తుంది. పీహెచ్‌పీ తనతో పాటు పంచే జీడీ ప్రతిలో మెమరీ కేటాయింపును పీహెచ్‌పీ సొంత లెక్కలోకి మళ్లించారు. అందువల్లే పెద్ద ఫొటో అప్‌లోడ్ చేసినప్పుడు మెమరీ పరిమితి దాటిందన్న సందేశం వచ్చి స్క్రిప్టు ఆగుతుంది. మామూలు పరిమితి 128 మెగాబైట్లు. పై లెక్కలో మూడో కాపీకే అది దాటిపోతుంది. ఆ సందేశం చూసి విసుక్కునేవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, అది లేకపోతే ఒక్కడి ఫొటో వల్ల సర్వరు మీదున్న అందరి సైట్లూ నిలిచిపోయేవి. రూబీ కూడా ఇలాంటి బరువును తనకు తెలియజెప్పడానికి సి వైపు ఒక ఫంక్షన్ ఇచ్చింది. దాన్ని పిలవాలన్న సంగతి ఏ హెడరూ చెప్పదు.

బొమ్మ మెమరీలో కాక గ్రాఫిక్స్ కార్డులో ఉంటే ఈ సమస్య ఇంకా ముదురుతుంది. బార్సిలోనాలో రామోన్ శాంతామరియా 2013లో విద్యార్థులకు గేములు రాయడం నేర్పడానికి మొదలుపెట్టిన రేలిబ్ ఇందుకు మంచి ఉదాహరణ. సి99లో రాసిన ఈ చిన్న లైబ్రరీకి 60కి పైగా భాషల్లో బైండింగులున్నాయి. అందులో టెక్స్చర్ అంటే కార్డులో ఉన్న బొమ్మకు ఒక సంఖ్య, దాంతో పాటు కొలతలు. ఆ కార్డు కోసం తెరిచిన కిటికీ మూసేశాక ఆ సంఖ్యకు అర్థం లేదు. స్క్రిప్టు భాష మాత్రం తనకు తీరినప్పుడు, ఒక్కోసారి ప్రోగ్రాము ముగిసే చివరి క్షణంలో, కొన్ని భాషల్లో వేరే థ్రెడ్‌లోనుంచి కూడా, చెత్త ఏరుతుంది. అప్పుడు టెక్స్చర్‌ను వదిలేయమని కార్డును అడిగితే అటు వినేవాడు ఉండడు. ప్రోగ్రాము చక్కగా నడిచి మూసేటప్పుడు కూలుతుంది. అందుచేత ఇక్కడ పెర్ల్ మాడ్యూల్లో మెచ్చుకున్న పద్ధతే ప్రమాదకరం. కిటికీకి దాని టెక్స్చర్లన్నీ గుర్తుండేలా చేసి మూసేముందు వరసగా వదిలించడమో, వదిలే బాధ్యత రాసేవాడికే స్పష్టంగా అప్పగించడమో మేలు. ఒక లైబ్రరీకి సరైన నిర్ణయం ఇంకోదానికి తప్పవుతోందంటే, దీనికి యాంత్రిక సూత్రం లేదనే కదా.

తప్పులు చెప్పే పద్ధతిలో కూడా ఇంతే. సి లో ఒక ఫంక్షన్ విఫలమైతే శూన్య చిరునామా ఇస్తుంది, లేదా -1 ఇస్తుంది. చూసుకోవడం పిలిచినవాడి వంతు. జీడీ పాత తరహా బొమ్మలో 256 రంగులకే చోటు. అవి నిండాక ఇంకో రంగు అడిగితే -1 వస్తుంది. పీహెచ్‌పీ బైండింగ్ ఆ -1ని ఫాల్స్‌గా మార్చి ఇస్తుంది. కఠిన టైపు నియమం పెట్టుకోని స్క్రిప్టులో ఆ ఫాల్స్‌ను తెలియక గీత గీసే ఫంక్షన్‌కు రంగుగా పంపితే అది 0గా మారిపోతుంది. 0 అంటే మొట్టమొదట అడిగిన రంగు, అంటే బొమ్మ నేపథ్యం. గీత గీసినట్టే ఉంటుంది, కనిపించదు. ఏ హెచ్చరికా రాదు. పైథాన్‌లోనైతే ఇలాంటి చోట ఎక్సెప్షన్ లేపి, ఏ వరసలో తప్పు జరిగిందో చూపించి ఆపేయడం ఆ భాష ఆచారం. ఎదురు దిశలోనూ ప్రమాదముంది. లువా భాష తప్పు జరిగినప్పుడు మధ్యలో ఉన్న సి ఫంక్షన్లన్నిటినీ దాటుకుని ఒక్క గెంతులో వెనక్కి వెళుతుంది. ఆ సి ఫంక్షన్ చేతిలో బొమ్మ ఉంటే దాన్ని వదిలేవాడే ఉండడు. అందుకే మంచి బైండింగ్‌లో మొదట అవతలి నుంచి వచ్చిన విలువలన్నీ పరీక్షిస్తారు, ఆ తర్వాతే బొమ్మను సృష్టిస్తారు. చదివేవాడి కంట పడని క్రమం ఇది. దాని వెనుక అనుభవం ఉంది.

వేగం సంగతి చెప్పుకోకపోతే కథ సగమే. స్క్రిప్టు నెమ్మది, సి వేగం, కాబట్టి సి లైబ్రరీని కలిపితే వేగం వచ్చేస్తుందని ఒక నమ్మకం. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దాటే ప్రతిసారీ విలువల రూపం మార్చాలి, పరీక్షించాలి, ఫలితాన్ని మళ్లీ చుట్టాలి. దాటడానికి ఒక్కో మైక్రోసెకను పడుతుందనుకుందాం. 1920 × 1080 తెరలో 20,73,600 పిక్సెళ్లున్నాయి. ఒక్కో పిక్సెల్‌ను విడిగా రంగు వేయమంటే దాటడానికే రెండు సెకన్లు. ఆట సాఫీగా కదలాలంటే సెకనుకు 60 బొమ్మలు, అంటే ఒక్కోదానికి 17 మిల్లీసెకన్ల లోపే వ్యవధి. సి ఎంత వేగంగా ఉన్నా ఇక్కడ లాభం లేదు. పీట్ షినర్స్ 2000లో ఎస్‌డీఎల్ అనే సి లైబ్రరీ మీద మొదలుపెట్టిన పైగేమ్, బొమ్మలోని పిక్సెళ్లన్నిటినీ ఒకే సంఖ్యల పట్టికగా పైథాన్‌కు చూపించే వీలు కల్పించింది. ఆ పట్టిక మీద లెక్కంతా మళ్లీ సి లోనే, ఒకే ఒక్క పిలుపుతో జరిగిపోతుంది. అంటే సి లో ఉన్న ఫంక్షన్లను ఉన్నవున్నట్టు తెచ్చిపెడితే సరిపోదు. అవతలి భాషకు అనువైన పెద్ద పనులను బైండింగ్ కొత్తగా సృష్టించాలి. లైబ్రరీ కర్త ఊహించని ఫంక్షన్ ఇక్కడ పుడుతుంది.

నా వాదనకు మొదటి అభ్యంతరం యంత్రాల వైపు నుంచి వస్తుంది. హెడర్ చదివి బైండింగులు తానే తయారుచేసే స్విగ్ ఉంది కదా అంటారు. డేవిడ్ బీజ్లీ దాన్ని 1995లో లాస్ అలమోస్‌లో మొదలుపెట్టి 1996లో విడుదల చేశాడు. శాస్త్రజ్ఞులు తమ భారీ లెక్కల సి కోడును స్క్రిప్టులతో నడుపుకోవాలన్నది దాని వెనకున్న అవసరం. ఒకే వివరణ ఫైలు నుంచి పెర్ల్, పైథాన్, టిసిఎల్ లాంటి ఎన్నో భాషలకు కోడు పుట్టించే ఆ సాధనం ఎందరి శ్రమనో తగ్గించింది. దాని విలువను నేను తక్కువ చేయను. అయితే దాన్ని సరిగ్గా వాడినవాళ్ల ఫైళ్లు చూస్తే సంగతి బోధపడుతుంది. ఈ ఫంక్షన్ ఇచ్చేది కొత్త వస్తువు, వదిలే బాధ్యత మీది అని ఒక చోట మనిషి రాసి ఉంటాడు. ఈ చిరునామా నిజానికి ఫలితం వచ్చి పడే స్థలం అని ఇంకో చోట, ఇది విఫలమైతే ఎక్సెప్షన్ లేపు అని మరో చోట రాసి ఉంటాడు. అవన్నీ పైన చెప్పుకున్న నిర్ణయాలే. యంత్రం వాటిని అమలు చేసింది, తీసుకోలేదు. అవి రాయకుండా పుట్టించిన బైండింగ్‌తో పైథాన్‌లో రాసేవాడు పేరుకు పైథాన్ రాస్తున్నా నిజానికి సి రాస్తున్నట్టే. కంపైలరు చేసే హెచ్చరికలు కూడా అతనికి అందవు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది: అసలు బైండింగే ఎందుకు, నేరుగా లైబ్రరీని తెరిచి పిలిస్తే పోదా? 1996లో ఆంథనీ గ్రీన్ మొదలుపెట్టిన లిబ్‌ఎఫ్ఎఫ్ఐ ఆ వీలు కల్పించింది. 2006లో పైథాన్ 2.5తో అదే పని చేసే సీటైప్స్ ఆ భాషలో భాగమైంది. 2019లో పీహెచ్‌పీ 7.4 కూడా అలాంటి సౌకర్యం ఇచ్చింది. సి కంపైలరు లేకుండానే పదినిమిషాల్లో జీడీతో ఒక గీత గీయించవచ్చు. ప్రయోగాలకు ఇది గొప్ప సౌకర్యం. అయితే జీడీ బొమ్మ వెడల్పు ఎంత అని అడిగి చూడండి. సి లో దానికి ఒక పేరుంది గానీ అది ఫంక్షన్ కాదు, మాక్రో. కంపైలరు దాన్ని అక్కడికక్కడే కరిగించి బొమ్మ నిర్మాణంలోని ఒక గడిని నేరుగా చదివే కోడుగా మార్చేస్తుంది. తయారైన లైబ్రరీలో ఆ పేరే ఉండదు. అప్పుడు ఆ నిర్మాణంలో ఏ గడి తర్వాత ఏది ఉందో మనమే పైథాన్‌లో మళ్లీ రాసుకోవాలి. ఒక్క గడి తప్పితే వెడల్పు స్థానంలో ఇంకేదో అంకె వస్తుంది, ఎవరూ హెచ్చరించరు. ఇంకోటి: ఫంక్షన్ ఏమిస్తుందో చెప్పకపోతే సీటైప్స్ దాన్ని మామూలు పూర్ణాంకం అనుకుంటుంది. 64 బిట్ల యంత్రంలో చిరునామా ఎనిమిది బైట్లు, ఆ పూర్ణాంకం నాలుగు. సగం చిరునామా తెగిపోతుంది. అదృష్టం బాగుంటే వెంటనే కూలుతుంది, లేకపోతే ఎప్పుడో ఒకరోజు. రేలిబ్ లాంటి లైబ్రరీ చిన్న చిన్న నిర్మాణాలను చిరునామాగా కాక పూర్తి విలువగానే ఇచ్చిపుచ్చుకుంటుంది. అన్ని భాషల సౌకర్యాలూ దాన్ని ఒకేలా మోయలేవు. ఈ దారిలో వెళ్లినవాడికి తప్పే పని ఏదీ లేదు. ఆ నిర్ణయాలు చివరి వాడుకరి మీదికి జరుగుతాయి, ఒక్కొక్కడూ విడివిడిగా వాటిని తీసుకుంటాడు.

మూడో అభ్యంతరంలో మాత్రం నిజం చాలా ఉంది. చేత్తో రాసిన బైండింగ్ రాసినవాడి ఓపిక ఉన్నంతకాలమే బతుకుతుంది. లైబ్రరీ కొత్త వెర్షను వస్తే ప్రతి భాషలోనూ ఎవరో ఒకరు మళ్లీ కూర్చోవాలి. పైగా లైబ్రరీకి వచ్చిన కష్టం అన్ని భాషలకూ పాకుతుంది. జిఫ్ ఫైళ్లలో వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు పద్ధతి మీద యూనిసిస్ సంస్థకు పేటెంటు ఉండేది. దాని కారణంగా 1999లో జీడీ జిఫ్‌ను పూర్తిగా వదిలేసి పీఎన్‌జీకి మారింది. అప్పటిదాకా జిఫ్ బొమ్మలు గీస్తున్న పెర్ల్ స్క్రిప్టులు, పీహెచ్‌పీ పేజీలు కొత్త జీడీ పెట్టుకున్న చోటల్లా పనిచేయడం మానేశాయి. అమెరికాలో పేటెంటు గడువు 2003 జూన్‌లో ముగిసింది. ఇతర దేశాల్లోనూ ముగిశాక 2004లో జీడీ 2.0.28తో జిఫ్ తిరిగొచ్చింది. ఈలోగా 2002 చివర్లో వచ్చిన 4.3 నుంచి పీహెచ్‌పీ తన సొంత జీడీ ప్రతిని వెంట పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. ఇంత ఆధారపడడం కంటే స్క్రిప్టు భాషలోనే గ్రాఫిక్స్ రాసుకుంటే పోదా అని అడిగేవాళ్లున్నారు. గీతలు, పెట్టెలు రాసుకోవచ్చు. జేపెగ్ విప్పడం, ఫాంటు ఫైలు చదవడం ప్రతి భాషలోనూ మళ్లీ రాస్తే అవే తప్పులు ప్రతి భాషలోనూ మళ్లీ జరుగుతాయి. సి లో ఒక్కసారి సరిదిద్దిన లోపం అక్కడ ఇరవైసార్లు సరిదిద్దాలి. నాకు సబబుగా తోచే మార్గం రెండంతస్తులది. కింద యంత్రం పుట్టించిన పలుచని పొర, పైన మనిషి రాసిన, ఆ భాష తీరు ఎరిగిన పొర. లైబ్రరీ మారితే కింది పొర మళ్లీ పుడుతుంది, పై పొరలోని నిర్ణయాలు చెక్కుచెదరవు. రేలిబ్ తన హెడర్ మొత్తాన్ని జేసన్‌గా మార్చి ఇచ్చే చిన్న సాధనాన్ని లైబ్రరీతో పాటే పంచడం కింది పొర రాసేవాళ్లకు చేసిన పెద్ద సాయం. గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్ల సి కోడులో ప్రతి ఫంక్షన్ మీదా ఉండే వ్యాఖ్యలో, ఇచ్చే విలువ యాజమాన్యం పిలిచినవాడికి వెళుతుందా లేదా, అది శూన్యం కావచ్చా అన్నది నిర్ణీత రూపంలో రాస్తారు. యంత్రం దాన్ని చదివి పైథాన్‌కూ జావాస్క్రిప్టుకూ అందజేస్తుంది. హెడర్ చాలదని సి రాసేవాళ్లే ఒప్పుకుని దిద్దుబాటుకు దిగిన ఉదాహరణ ఇది.

తెలుగు రాసేవాళ్లకు ఈ విషయం నేరుగా తగిలే చోటు ఒకటుంది. జీడీ సొంత అక్షరాలు మధ్య ఐరోపా భాషల లాటిన్ లిపి కోసం చేసినవి. ఫాంటు ఫైలు ఇచ్చి రాయించే ఫంక్షన్ యూనికోడ్‌ను తీసుకుంటుంది. అయినా తెలుగుకు అది చాలదు. స్త్రీ అన్న మాట కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. వరసగా ఒక్కో సంకేతానికీ ఫాంటులోంచి ఒక్కో ఆకారం తెచ్చి పక్కపక్కన పెడితే వచ్చేది స్త్రీ కాదు. పొల్లులు, హల్లులు విడివిడిగా, దీర్ఘం ర మీద. తకార రకారాలు ఒత్తులై కిందికి దిగాలి, దీర్ఘం సకారం మీదికి ఎక్కాలి. ఆ నియమాలు ఫాంటులో రాసి ఉంటాయి. వాటిని అమలు చేసేది హార్ఫ్‌బజ్ లాంటి వేరే లైబ్రరీ. రాక్మ్ అనే ఇంకో చిన్న సి లైబ్రరీ హార్ఫ్‌బజ్‌ను ఫాంటు చదివే ఫ్రీటైప్‌తో జతచేస్తుంది. ఆ తర్వాత జీడీని కూడా రాక్మ్‌తో కలిపి నిర్మించుకునే వీలు వచ్చింది. అలా నిర్మించని చోట పాత ముక్కలే. పైథాన్ బొమ్మల లైబ్రరీ పిల్లో 2017లో 4.2 వెర్షన్‌తో రాక్మ్‌ను అందుకుంది. తెలుగు ఆహ్వానపత్రికలు, సర్టిఫికెట్లు, పోస్టర్లు స్క్రిప్టుతో తయారుచేసేవాళ్లకు ఇది వరమే.

కానీ పిల్లోలో తీసుకున్న ఒక నిర్ణయంతో నాకు పేచీ ఉంది. రాక్మ్ ఆ కంప్యూటరులో లేకపోతే పిల్లో మౌనంగా సాదా పద్ధతికి దిగిపోతుంది. లాటిన్ లిపిలో రాసేవాడికి తేడా తెలియదు, కాబట్టి ఆ మౌనం అతనికి సౌకర్యమే. తెలుగు రాసేవాడికి తన కంప్యూటరులో సరిగ్గా వచ్చిన పేరు సర్వరు మీదికి వెళ్లాక ముక్కలై అచ్చవుతుంది. ప్రోగ్రాము మాత్రం విజయవంతంగా ముగిసిందని చెబుతుంది. అదే పిల్లోలో భాష పేరో ఫాంటు లక్షణమో ప్రత్యేకంగా పేర్కొంటే, రాక్మ్ లేని చోట మౌనంగా ఊరుకోకుండా తప్పు చూపించి ఆగుతుంది. అంటే ఆపడం సాధ్యమే, ఎప్పుడు ఆపాలన్నది ఎంపిక. స్ట్రింగులో భారతీయ లిపి కనిపించి రాక్మ్ లేకపోతే కనీసం ఒక హెచ్చరిక ఇవ్వాలని నా అభిప్రాయం. సి లైబ్రరీకి ఇది తెలియదు, దాని పరిధి కాదు. స్క్రిప్టు రాసేవాడికి తెలియదు, అతనికి కనిపించే వీలు లేదు. రెండువైపులా చూడగలిగినది మధ్యనున్న కోడు ఒక్కటే. ప్రస్తుతానికి చేయగలిగింది ఉంది. పిల్లో తన ఫీచర్స్ మాడ్యూల్లో రాక్మ్ ఉందో లేదో అడిగే వీలు ఇస్తుంది. తెలుగు అచ్చువేసే ఏ స్క్రిప్టయినా మొదటి వరసలోనే అది అడిగి, లేకపోతే అక్కడే ఆగాలి. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు ఇన్ని దేశాల్లో ఉన్నారు. వాళ్లలో కొందరైనా ఈ ఉచిత బైండింగుల పరీక్షల్లోకి స్త్రీ, జ్యోత్స్న లాంటి మాటలు చేర్చి పంపితే, ఒత్తు జారిన రోజున అది వాడుకరి కంటే ముందు ఆ బైండింగ్ రాసినవాళ్లకే తెలుస్తుంది.